ఒక పక్కే పదునున్న కత్తి

హోటల్ మేనేజ్‌మెంట్ చదివే పిల్లలు ఆదివారం ప్రార్థన అయ్యాక నన్ను పట్టుకుని, "ఆంటీ, అన్నేళ్లు పెద్ద హోటల్ కిచెన్‌లో చేశారు కదా, మీ బెస్ట్ డిష్ ఏది?" అని అడుగుతుంటారు. ఏదో ఒకటి చెప్పి పంపిస్తాను. నిజానికి నేను వండి పైకి వచ్చిన మనిషిని కాను, కోసి పైకి వచ్చాను. ఆ కోత కూడా ఒక మంచి కత్తిని పాడుచేశాకే సరిగ్గా వచ్చింది. ఆ సంగతి ఇంతవరకు ఎక్కడా రాయలేదు. రాస్తే నా పరువు కొంచెం పోతుంది. అయితే రిటైరైన మనిషికి పరువుతో అంత అవసరమేముంటుంది?

నేను ఢిల్లీ వచ్చింది డెబ్బైల చివర. లారీ నడిపే మా ఆయన రోడ్డు మీదే పోయారు. కూతుర్ని గుంటూరు దగ్గర మిషన్ హాస్టల్లో చేర్చి, నేను అక్క దగ్గరికి వచ్చేశాను. అక్క ఇక్కడ ఒక ఆసుపత్రిలో నర్సు. మునిర్కాలో ఒక్క గది, బయట పంపు, పైన రేకులు. మొదట రెండేళ్లు అక్క వాళ్ల ఆసుపత్రి వంటింట్లోనే కూరలు తరిగాను. తర్వాత మా పాస్టరుగారి భార్య ఎవరితోనో మాట్లాడి, వసంత విహార్‌లో ఒక గెస్ట్‌హౌస్‌లో పని ఇప్పించారు. మా గది నుంచి నడిచి వెళ్లేంత దూరం.

ఫరీదాబాద్ వైపు ఒక యంత్రాల ఫ్యాక్టరీ పెడుతుంటే జపాను నుంచి ఎనిమిది తొమ్మిదిమంది ఇంజినీర్లు వచ్చి ఆ ఇంట్లో ఉండేవారు. వాళ్లకు వాళ్ల తిండి పెట్టడానికి వాళ్ల దేశం నుంచే ఒక వంటాయన వచ్చాడు. అరవైకి దగ్గర్లో ఉంటాడు. పొట్టి మనిషి, నడుముకి ఎప్పుడూ తెల్లటి గుడ్డ. ఇంజినీర్లు ఆయన్ని ఏదో పేరు పెట్టి చివర 'సాన్' అని పిలిచేవారు. మాకు ఆ చివరి ముక్కే అందేది. అందుకని 'సాన్ సాబ్' అనేవాళ్లం. మనిషికి సానరాయి పేరు పెట్టారేమిటా అనుకున్నాను మొదట. రోజూ మధ్యాహ్నం ఆయన మూడు రాళ్లు ముందు పెట్టుకుని కత్తులు నూరడం చూశాక, పేరు బాగానే కుదిరిందనిపించింది. అది పేరు కాదని, మన 'గారు' లాంటిదని తెలిసేసరికి ఏడాది గడిచింది. అంటే ఏడాది పాటు ఆయన్ని 'గారు సాబ్' అని పిలిచామన్నమాట. ఆయన ఒక్కసారీ దిద్దలేదు, తెలిశాక మేమూ మార్చలేదు.

వంటింట్లో ఇంకొకాయన ఉండేవాడు. గఢ్వాల్ కొండల నుంచి వచ్చినవాడు. యాభై దాటి ఉంటాయి. గిన్నెలు కడగడం, మాంసం శుభ్రం చేయడం, బట్టలు ఆరేయడం, రాత్రి గేటు తాళం అన్నీ ఆయనవే. మేమంతా భయ్యా అనేవాళ్లం. నాకంటే పదిహేనేళ్లు పెద్దవాడైనా నన్ను దీదీ అనేవాడు. పైన ఒక మేనేజరు. సైన్యంలో క్యాంటీన్లు చూసి రిటైరైన పంజాబీ. గొంతు గట్టిది. మనసు చెడ్డదని అనను గానీ, మనసు దాకా వెళ్లే తీరిక ఆయనకు ఉండేది కాదు.

మొదటిరోజు నేను మా ఊరి కత్తిపీట సంచిలో పెట్టుకుని వెళ్లాను. నేల మీద కూర్చుని, పీటను కాలితో తొక్కిపట్టి, వంకాయలు కోయడం మొదలుపెట్టాను. సాన్ వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. పది నిమిషాలు చూశాడు. తర్వాత తనూ కోస్తానని సైగ చేశాడు. కత్తి కదలకుండా నిలబడి ఉండడం, కూరే దాని దగ్గరికి వెళ్లడం ఆయనకు వింతగా ఉన్నట్టుంది. రెండు వంకాయలు కోసి, లేచి, కత్తిపీటకు తలవంచి దణ్ణం పెట్టాడు. మర్నాడు వచ్చేసరికి దాన్ని నూరిపెట్టి ఉంచాడు. అంత పదును దానికి మా అమ్మమ్మ కాలంలో కూడా ఉండి ఉండదు.

ఆయన కత్తులు ఒక మందపాటి గుడ్డలో చుట్టి ఉండేవి. అయిదు. దేని అర దానిది. మందంగా, బరువుగా ఉన్నది చేప తలకాయలకు, ముళ్లకు. సన్నగా బారుగా ఉన్నది పచ్చి చేపను ఒక్క లాగుడులో ముక్కలు కోయడానికి. మాంసానికి ఒకటి, పళ్లకూ చిన్న పనులకూ వేలెడంతది ఒకటి. అయిదోది కూరగాయలది. పలకలా నలుచదరంగా, అంచు దగ్గర కాగితమంత పల్చగా ఉండేది. వాటి జపాను పేర్లు మాకు నోరు తిరిగేవి కావు. భయ్యా బరువుదానికి పహిల్వాన్ అని పేరు పెట్టాడు. పలకలాంటి దానికి నేను పలక అనే పెట్టాను.

నాకు నవ్వొచ్చేది. మా ఇంట్లో ఒక్క కత్తిపీట మీదే చేపా, కూరా, పనసకాయా అన్నీ అయ్యేవి. ఈయన మాత్రం చేప కోసిన కత్తితో దోసకాయ ముట్టడు. ప్రతి నాలుగు కోతలకూ కత్తి తుడుస్తాడు. తడి ఉంటే తుప్పు పట్టే ఉక్కు అది. పలకకు ఇంకో విశేషం ఉంది. దానికి ఒక పక్కే పదును. రెండో పక్క అద్దంలా చదునుగా ఉంటుంది. ఆ చదును పక్క కూరను ఆనుకుని జారుతుంది కాబట్టి కోత అటూ ఇటూ పోదు.

ఆ పలకతో ఆయన ముల్లంగిని జానెడు ముక్క చేసి, చేతిలో తిప్పుతూ, తొక్క తీసినట్టు చుట్టూ తీస్తూ పోయేవాడు. ముల్లంగి తెల్లటి గుడ్డలా బారుగా దిగేది. హిందీ పేపరు మీద పరిస్తే కింద అక్షరాలు కనపడేవి. ఆ గుడ్డను మడతపెట్టి దారాల్లా తరిగి, పచ్చి చేప కింద పరుపులా వేసేవాడు. మొదటి చలికాలంలోనే నాకూ నేర్పాడు. మొదట్లో నాకు దిగింది గుడ్డ కాదు, పీలికలు. ఆ పీలికలన్నీ నేను సాంబారులో వేసుకుని ఇంటికి పట్టుకెళ్లేదాన్ని. అక్క ఆ శీతాకాలమంతా ముల్లంగి తిని తిని విసిగిపోయింది. చలికాలం వెళ్లేలోగా నా ముల్లంగి కింద కూడా అక్షరాలు కనపడ్డాయి. ఆ రోజు సాన్ ఆ పేపరు ఎత్తి చూసి, "అచ్ఛా" అన్నాడు. ఆయన హిందీలో బాగా పలికే మాట అదొక్కటే.

రెండో చలికాలంలో జరిగింది అసలు సంగతి. శనివారం సాయంత్రం జపాను నుంచి పెద్ద డైరెక్టర్లు భోజనానికి వస్తున్నారు. బుధవారం సాన్ డ్రైవరుతో కలిసి చేపలు చూసి రావడానికి వెళ్లాడు, పహిల్వాన్‌ను కూడా వెంట పట్టుకుని. ఒక ఇంజినీరుకి జ్వరం, గుమ్మడికాయ కూర కావాలన్నాడని మేనేజరు చెప్పాడు. స్టోర్లో ముదిరిపోయి రాయిలా ఉన్న గుమ్మడికాయ ఒకటుంది. నా కత్తిపీట అప్పటికి గదికి పట్టుకెళ్లిపోయాను, ఈ కత్తులు అలవాటైపోయి గర్వం వచ్చింది మరి. చేతికి దగ్గరగా పలక ఉంది. దాన్ని గుమ్మడికాయలోకి దింపాను. సగంలో బిగుసుకుంది. లాగితే రాలేదు. అటూ ఇటూ తిప్పాను.

టక్ మని చిన్న చప్పుడు. బయటికి తీసి చూస్తే అంచులో బియ్యపుగింజంత ముక్క లేదు.

అదే సమయానికి సందులో "ఛురీ, కైంచీ తేజ్ కరా లో" అని, కత్తులకు కత్తెరలకు పదును పెట్టించుకోమని కేక వినపడింది. సైకిలుకి సానచక్రం బిగించుకుని తిరిగే మనిషి. నేను ఆలోచించలేదు. కత్తిని కొంగులో చుట్టుకుని గేటు దగ్గరికి పరుగెత్తాను. ఆ నొక్కు పోయేదాకా పట్టు చాలు, ఒక పక్కే పట్టు అని చెప్పాను. అతను తల ఊపి తొక్కడం మొదలుపెట్టాడు. నిప్పురవ్వలు లేచాయి. నేను ఆపు అనేలోగా రెండో పక్క కూడా తిప్పి చక్రానికి పెట్టేశాడు. మంచి పదును రావాలంటే రెండు పక్కలూ పట్టాలి మేడమ్ అన్నాడు, నా అమాయకత్వానికి జాలిపడి. నొక్కు పోయింది. కత్తి తళతళా మెరిసింది. అంచు పొడుగునా ఉక్కు కాలి నీలం తిరిగింది. నేను దాన్ని కడిగి, తుడిచి, గుడ్డలో దాని అరలో పెట్టేశాను. సగం దాకా తెగిన గుమ్మడికాయను గడపకేసి కొట్టి రెండు చేసి, ఉక్కు ముక్క ఏరేసి, ఒక సగం వండాను.

గురువారం పొద్దున సాన్ గుడ్డ విప్పాడు. పలకను వెలుతురుకి పెట్టి చూశాడు. వేలితో చదును పక్క తడిమాడు. తెల్లటి తువ్వాలు పరిచి దాని మీద కత్తిని పడుకోబెట్టాడు. అంతలో మేనేజరు వచ్చి చూశాడు. ఆయనకు పెద్దగా ఆలోచించే పని లేకపోయింది. కిందటి నెలలోనే భయ్యా చేతిలో రెండు గాజు గిన్నెలు పగిలాయి, ఇదీ ఆయన పనేనని తేల్చేశాడు. బుధవారం మధ్యాహ్నం నేను వంటింట్లోనే ఉన్నానని తెలిసి కూడా నా వైపు చూడలేదు. ముల్లంగి గుడ్డలు తీసే మనిషి ఆ పని చేస్తుందని ఆయన అనుకోలేదు.

భయ్యా ఒక్కసారే అన్నాడు, "నేను చేయలేదు సాబ్" అని. రెండోసారి అనలేదు. శనివారం విందుకు చేతులు తక్కువ కాబట్టి అప్పటిదాకా ఉండమని, ఆదివారం పొద్దున సామాను తీసుకుని వెళ్లిపొమ్మని మేనేజరు చెప్పేశాడు.

నేను అక్కడే నిలబడి క్యాలీఫ్లవర్ విడదీస్తున్నాను.

ఎందుకు చెప్పలేదని ఎవరైనా అడిగితే భయపడ్డానంటాను. మా అమ్మాయి ఆ ఏడే పదో తరగతికి వచ్చింది. తర్వాత నర్సింగులో చేర్చాలని అనుకుంటున్నాం. ఇవన్నీ నిజాలే. కానీ అసలు కారణం ఇంకా చిన్నది. సాన్ "అచ్ఛా" అన్న మనిషిని నేను. ఆ మాట వెనక్కి తీసుకుంటాడేమోనని భయం.

శుక్రవారం సాయంత్రం అక్కకు చెప్పాను. అక్క చీర మడతపెడుతూ విని, "నోరు మూసుకుని నీ పని చేసుకో. నీకేమైనా అయితే ఆ పిల్లకి దిక్కెవరే?" అంది. అదే వినాలని ఉంది నాకు, విన్నాను. శనివారం పొద్దున నాకు డబ్బాలో అన్నం సర్దుతూ అక్క అడిగింది, "ఆయనకి పిల్లలెంతమంది?" అని. ముగ్గురన్నాను. అక్క మూత బిగించి చేతికిచ్చింది.

నేను వెళ్లేసరికి భయ్యా ముల్లంగులు కడిగి, మట్టి ఒక్క రవ్వ లేకుండా వరసగా పేర్చి ఉంచాడు. నన్ను పొయ్యి దగ్గరికి పిలిచాడు. రేపటి నుంచి ఇవి చెప్పడానికి ఎవరూ ఉండరని మొదలుపెట్టాడు.

"రెండో బర్నరు గ్యాసు వదులుతుంది దీదీ. ముందు అగ్గిపుల్ల వెలిగించి, తర్వాత తిప్పు. గీజరు స్విచ్చి తడిచేత్తో పట్టుకోకు, ఒకసారి నన్ను విసిరికొట్టింది. పాలవాడు సోమవారాలు నీళ్లెక్కువ కలుపుతాడు, మొహమాటం లేకుండా అడుగు."

ఒక్కొక్కటీ నిదానంగా, నేను మరిచిపోకుండా ఉండాలన్నట్టు చెప్పాడు. ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి, పోగొట్టిన మనిషికి షాకు కొట్టకుండా జాగ్రత్తలు చెబుతున్నాడు. నేను వింటూ తల ఊపలేకపోయాను. చేతిలో డబ్బా అక్కడే పెట్టి, పెరట్లో చేపలు శుభ్రం చేస్తున్న సాన్ దగ్గరికి వెళ్లాను.

ఆయన హిందీ ముప్పై మాటలు. నా హిందీ కూడా అప్పటికి అంత గొప్పదేం కాదు. "సాన్ సాబ్, ఆ కత్తి పాడుచేసింది సాన్‌వాలా" అన్నాను, సాన పట్టేవాడని నా ఉద్దేశం. ఆయన ఆగిపోయి, తన ముక్కు మీద వేలు పెట్టుకుని, "సాన్? మై?" అన్నాడు. నేనా అని. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా నాకు నవ్వు ఆగలేదు. కాదు కాదని చేతులు ఊపాను. గాలిలో సైకిలు తొక్కి చూపించాను. చక్రం తిప్పి చూపించాను, కత్తి పెట్టి చూపించాను, రవ్వలు కూడా చూపించాను. తర్వాత నా గుండె మీద చెయ్యి పెట్టుకుని, "మైనే దియా. భయ్యా నహీ. మై" అన్నాను, ఇచ్చింది భయ్యా కాదు, నేనేనని.

ఆయనకు అర్థమైంది. ఎందుకు అని అడిగాడు. గుమ్మడికాయ అన్నాను. ఆయన చేతులు కడుక్కుని, స్టోర్లోంచి ఆ మిగిలిన సగం గుమ్మడికాయ, పహిల్వాన్ తెచ్చాడు. తిడతాడనుకున్నాను. గుమ్మడికాయను కోసిన పక్క కిందికి వచ్చేలా బోర్లించి, కత్తి పిడి దగ్గరి మందపు భాగాన్ని తొడిమ పక్కన ఆనించి, రెండో అరచేత్తో పైనుంచి నెమ్మదిగా నొక్కాడు. కాయ చప్పుడు లేకుండా విడిపోయింది. ఇంకో ముక్క నాతో కోయించాడు. ఆ తర్వాతే నన్ను వెంటబెట్టుకుని మేనేజరు గదికి నడిచాడు.

మేనేజరు విని ముందు నమ్మలేదు. తర్వాత కోపం వచ్చింది. మూడు రోజులు దాచినందుకు నన్నే పంపించేస్తానన్నాడు. అందులో తప్పేమీ లేదు, నేనైనా అదే చేసేదాన్ని. సాన్ తన ముప్పై మాటల్లోంచి కొన్ని ఏరుకున్నాడు.

"మేరా గల్తీ," అన్నాడు. "మూలీ సిఖాయా. కద్దూ నహీ సిఖాయా."

తప్పు తనదేనట. ముల్లంగి కోయడం నేర్పాడట, గుమ్మడికాయ నేర్పలేదట. చెప్పి తలవంచి అలాగే ఉండిపోయాడు. మేనేజరు సైన్యంలో ఇలాంటిది చూసి ఉండడు. చివరికి, ఠీక్ హై, ఠీక్ హై, సాయంత్రం పని చూడండి అన్నాడు. భయ్యాకి క్షమాపణ లాంటిదేమీ చెప్పలేదు గానీ, గడప దగ్గర నిలబడి, ఆదివారం గేటు తాళం ఎవరి దగ్గరుంటుందని అడిగాడు. నా దగ్గరే సాబ్ అన్నాడు భయ్యా. అలా ఉద్యోగం తిరిగొచ్చింది.

నేను భయ్యా దగ్గరికి వెళ్లి చేతులు జోడించాను. ఆయన తడిచేతులు ప్యాంటుకి తుడుచుకుని, "ముల్లంగులు ఎండిపోతున్నాయి దీదీ, మొదలుపెట్టు" అన్నాడు.

ఆ సాయంత్రం పలక లేకుండా మాంసం కత్తితో ముల్లంగి దారాలు తీశాం. లావుగా వచ్చాయి. సాన్ ఆ లోటు కప్పడానికి గుమ్మడికాయ ముక్కలను సోయా రసంలో ఉడికించి చిన్న గిన్నెల్లో పెట్టాడు. డైరెక్టర్లలో పెద్దాయన అది రెండుసార్లు అడిగి తిన్నాడట.

కత్తి సంగతి మిగిలిపోయింది. కాలిన ఉక్కంతా అరగదీస్తే గానీ పనికిరాదు, అదీ చేత్తోనే, నీళ్ల కింద, వేడెక్కకుండా. సాన్ ఆ పని తను చేయలేదు, నాతో చేయించాడు. దాదాపు రెండు నెలలు, రోజూ మధ్యాహ్నం అందరూ తిన్నాక, గరుకు రాయి మీద మొదలుపెట్టి నున్నటి రాయి దాకా. ఆయన పక్కన కూర్చుని, నా మోచెయ్యి పైకి లేస్తే వేలితో కిందికి నొక్కేవాడు. చేతులు చలికి పగిలిపోయేవి. భయ్యా గీజరు నుంచి వేడినీళ్లు తెచ్చి పక్కన పెట్టేవాడు, మధ్యమధ్య వేళ్లు ముంచుకోవడానికి. చదును పక్క మళ్లీ అద్దంలా అయ్యేసరికి హోలీ వచ్చేసింది. కత్తి వెడల్పు పావంగుళం తగ్గింది. దానితో ముల్లంగి తీస్తే కింద పేపరు చదవగలిగాను.

వెళ్లేటప్పుడు ఆయన ఆ కత్తి నాకు ఇచ్చి వెళ్లాడని మీరనుకుంటున్నారేమో. ఇవ్వలేదు. మూడేళ్లు పూర్తయ్యాక అయిదు కత్తులూ గుడ్డలో చుట్టుకుని తీసుకెళ్లిపోయాడు. అవి ఆయన చేతులు, ఎలా ఇస్తాడు? వెళ్లే ముందు వారం మాత్రం నన్ను ఒక పెద్ద హోటలుకి తీసుకెళ్లి, అక్కడి చీఫ్ ఎదుట ఒక ముల్లంగి నా చేతికిచ్చాడు. పదిహేను నిమిషాల్లో ఉద్యోగం దొరికింది. అప్పట్లో ఆ కిచెన్‌లో ఆడవాళ్లు ఎవరూ లేరు. ఆ ఉద్యోగంతోనే మా అమ్మాయి నర్సయింది. ఆ హోటల్లోనే రిటైరయ్యాను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఏదైనా పాడుచేస్తే, నేను వాళ్లకి ఏది నేర్పలేదో ముందు చూసుకునేదాన్ని. అన్నిసార్లూ చూసుకున్నానని చెప్పను. కొన్నిసార్లు మేనేజరులాగానే అరిచాను.

భయ్యా ఎనభైల చివర పని మానేసి ఊరికి వెళ్లిపోయాడు. నేను కశ్మీరీ గేట్ బస్టాండుకి వెళ్లాను, దారిలో తినడానికి పులిహోర కట్టుకుని. వాళ్ల కొండల వైపు వెళ్లే కోట్‌ద్వార్ బస్సు ఇంకా బయల్దేరలేదు. బల్ల మీద కూర్చుని టీ తాగుతూ ఆయన మామూలుగా అన్నాడు, ఆ బుధవారం మేడ మీద దుప్పట్లు ఆరేస్తూ, నేను కొంగులో కత్తి చుట్టుకుని గేటు దగ్గరికి పరుగెత్తడం తను చూశానని.

"మరి ఎందుకు చెప్పలేదు భయ్యా?" అన్నాను.

"నువ్వే చెప్తావనుకున్నాను దీదీ. ఆదివారం దాకా టైముంది కదా."

"చెప్పకపోయి ఉంటే?"

"ఊరికెళ్లి బంగాళాదుంపలు వేసుకునేవాణ్ని," అన్నాడు. "ఇప్పుడు చేయబోయేదీ అదే."

కండక్టరు ఈల వేశాడు. మూట కిటికీలోంచి అందించాను. ఆయనకు ధన్యవాదాలు చెప్పాలని అంత దూరం వెళ్లినదాన్ని, ఆ జవాబు విన్నాక చెప్పలేకపోయాను. బస్సు వెళ్లిపోయింది. చెప్పాల్సిన ఆ మాట ఇన్నేళ్లకు ఇక్కడ రాస్తున్నాను. ఆయనకు తెలుగు రాదు. మీరు చదివారు కదా, ఆయన తరఫున మీరు పుచ్చుకోండి.